బయాఫ్రా బూచి, మన ఉగ్వులు

మా ఆఫీసులో నాతో పనిచేసే తెలుగు మిత్రుడు ఒకాయన రెండు నెలల కింద నా బల్ల మీద ఒక నవల పెట్టిండు. మనిషి మంచోడు. కృష్ణా జిల్లా. ఏండ్ల సంది ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం అన్నం తింటున్నం. తెలంగాణ మాట వచ్చిన రోజు మాత్రం ఇద్దరం డబ్బాలు తొందరగ మూసుకొని లేస్తం. "మీ వేర్పాటువాదులంతా ఒకసారి చదవాలండీ. విడిపోతామన్నవాళ్ల గతి ఏమైందో ఇందులో ఉంది" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గాని ఆ మాటలో ముల్లు ఉన్నది.

చదివిన. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆయనకు జవాబు చెప్పాలె. అంతకంటె ముఖ్యంగ, మనకు మనం చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఆ పుస్తకంలో దొరికింది. అది మనవాళ్లకు అంత తియ్యగ ఉండదు.

నవల పేరు 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్'. రాసింది నైజీరియా రచయిత్రి చిమమండా న్గోజి అడిచీ. 2006లో వచ్చింది, మరుసటి ఏడు ఆరెంజ్ ప్రైజ్ అందుకున్నది. ఆ పేరులో ఉన్న సగం పసుపుపచ్చ సూర్యుడు బయాఫ్రా జెండా మీది పొద్దుపొడుపు. మూడేండ్లు కూడా బతకని దేశపు జెండా అది.

కథ తెలియనోళ్లకు నాలుగు ముక్కలు. నైజీరియా తూర్పు భాగంలో ఇబోలు ఎక్కువ. చదువుల్లో, వ్యాపారాల్లో, ఉద్యోగాల్లో దేశమంతా పరుచుకున్న జాతి. 1966లో ఉత్తరాన కానో లాంటి పట్నాలలో ఇబోలను వేల సంఖ్యలో చంపిన్రు. మిగిలినోళ్లు రైళ్లెక్కి తూర్పుకు ఉరికిన్రు. 1967 మే 30న తూర్పు ప్రాంతం తనను తాను బయాఫ్రా దేశమని ప్రకటించుకున్నది. నైజీరియా సైన్యం వచ్చింది, దారులు మూసింది, తిండి పోనియ్యలేదు. 1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయింది. చచ్చిపోయినోళ్లు పది లక్షలని కొందరంటరు, ముప్పై లక్షలని కొందరంటరు. ఎక్కువ మంది తుపాకీకి కాదు, ఆకలికి పోయిన్రు. అందుల పిల్లలే ఎక్కువ.

మా మిత్రుడు ఇదంతా చదివి "చూశారా, విడిపోతే ఇంతే" అన్న నీతి తీసిండు. ముందు ఆయన సంగతి చూద్దాం.

మేము అడిగింది దేశం కాదు. రాష్ట్రం. భారత రాజ్యాంగంలో మూడో అధికరణం ఉన్నది, అది ఉన్నదే ఈ పని కోసం. దాని కింద మహారాష్ట్ర, గుజరాత్ వేరైనయి, హర్యానా ఏర్పడ్డది, 2000లో ఒకే నెలలో మూడు రాష్ట్రాలు పుట్టినయి. ఎక్కడా ఎవరూ బయాఫ్రా అనలేదు. అసలు 1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నోళ్ల మనుమడు నన్ను వేర్పాటువాది అని పిలుస్తుంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్త లేదు. వాళ్ల తాత చేస్తే ఆత్మగౌరవం, మనం చేస్తే వేర్పాటు.

అంతకంటె గట్టి సంగతి ఇంకొకటి నైజీరియా చరిత్రలోనే ఉన్నది. బయాఫ్రా ప్రకటనకు మూడు రోజుల ముందు, 1967 మే 27న, దేశాన్ని ఒక్కటిగ ఉంచుతనని పట్టుబట్టిన జనరల్ గొవాన్ ఏం చేసిండు? నాలుగు పెద్ద ప్రాంతాలను పగులగొట్టి పన్నెండు రాష్ట్రాలు చేసిండు. అంటే రాష్ట్రాలు పెంచుడు దేశం విడగొట్టేటోళ్ల పని కాదు, దేశం ఒక్కటిగ ఉండాలన్నోళ్ల మందు. ఆ మందులో ఇబోలను చమురు నుంచి, సముద్రం నుంచి వేరుచేసే ఎత్తుగడ ఉన్నది, నిజమే. గాని పెద్ద జాతుల నీడలో నలిగిన చిన్న జాతులు ఎన్నో ఏండ్ల సంది సొంత రాష్ట్రాలు అడుగుతున్నదీ నిజమే. ఆ పన్నెండు 1976కు పందొమ్మిదయినయి, 1996కు ముప్పై ఆరయినయి. నైజీరియా ఇంకా నైజీరియాలెక్కనే ఉన్నది. కాబట్టి అన్నా, బూచి చూపెట్టాలనుకుంటే వేరే దేశం వెతుకు.

ఇంకో పోలిక ఆయన చూడనిది ఉన్నది. యుద్ధానికి ముందు, 1967 జనవరిలో, రెండు పక్కల సైనిక పెద్దలు ఘనాలోని ఆబూరి ఊర్ల కూసొని ఒక ఒప్పందం చేసుకున్నరు. ఇంటికొచ్చినంక ఎవరి అర్థం వాళ్లు చెప్పిన్రు. చేతిలో బలమున్న కేంద్రం ఒప్పుకున్న మాటను నీరుగార్చింది. ఇది చదువుతుంటే నాకు 1956 ఫిబ్రవరి 20 యాదికొచ్చింది. పెద్దమనుషుల ఒప్పందం. మిగులు నిధులు తెలంగాణలోనే ఖర్చు పెడతమన్నరు, ఉద్యోగాలకు రక్షణ అన్నరు, ముఖ్యమంత్రి అక్కడోడైతే ఉప ముఖ్యమంత్రి ఇక్కడోడన్నరు. మొదటి మంత్రివర్గంలోనే ఆ కుర్చీ లేదు. ఆబూరి తర్వాత ఫిరంగులు పేలినయి, మన దగ్గర ఫైళ్లు కదిలినయి, అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదని నాకు తెలుసు. మనం ప్రజాస్వామ్యంలో ఉన్నందుకు మనం మిగిలినం. గాని మాట తప్పినోడిని వదిలిపెట్టి, మాట అడిగినోడిని ద్రోహి అనుడు రెండు దిక్కులా ఒకటే.

ఇక్కడిదాకా రాసి, మా మిత్రునికి పంపి, గెలిచిన అనుకొని పుస్తకం అల్మారలో పెట్టొచ్చు. పెట్టిన కూడా. వారం తర్వాత మళ్లీ తీసిన. ఎందుకంటే నవలలో నన్ను వదలనిది బయాఫ్రా కాదు. ఉగ్వు.

ఉగ్వు పదమూడేండ్ల పల్లెటూరి పిలగాడు. ఎన్సుకా యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఒడెనిగ్బో ఇంట్ల పనికి కుదురుతడు. మన మాటలో జీతగాడు. మొదటి రోజు ఫ్రిజ్ తలుపు తీసి ఆ చల్లదనానికి బిత్తరపోతడు, కోడి ముక్కలు నిక్కర్ జేబుల దాచుకుంటడు. ఒడెనిగ్బో మంచోడే. పిలగాన్ని బడిల వేస్తడు. బడికి పంపేముందు ఒక సంగతి చెప్తడు. మన నేల గురించి వాళ్లు చెప్పే ప్రతిదానికి రెండు జవాబులుంటయి, ఒకటి నిజమైంది, ఒకటి పరీక్షల రాసేది. నైజర్ నదిని తెల్లదొర కనిపెట్టిండని బడిల చెప్తరు, మన తాతలు అంతకు ముందు సంది ఆ నదిలో చేపలు పట్టుకుంటున్నరు, అయినా పరీక్షల తెల్లదొర పేరే రాయి అంటడు.

ఇది చదివి నేను కుర్చీలకెల్లి లేచి అటూఇటూ తిరిగిన. మన చదువంతా అదే కదా. నవంబర్ 1 గురించి పరీక్షల ఏం రాసినం? తెలుగోళ్లంతా సంతోషంగ ఒక్కటైన రోజు అని. పదిల పది మార్కులు. ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగ వేరే ఉంచమన్నదని, 1961 ఎన్నికల తర్వాత ఏర్పడే శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమన్నదని ఇంట్ల ఎవరన్న చెప్తే తెలిసింది. రెండో జవాబు ఇంట్ల, మొదటి జవాబు పేపర్ మీద. పేపర్ దిద్దేటోడు ఎవరో మనకు తెలుసు.

ఒడెనిగ్బో ఇంట్ల సాయంత్రాలు లెక్చరర్లు చేరుతరు. కవి ఒకియోమా వస్తడు. ఒక యొరుబా ఆడమనిషి వస్తది. మన దేశపు పటేల్ గారు కూడా ఒకాయన ఉంటరు ఆ బల్ల దగ్గర. సీసాలు తెరుచుకుంటయి. ఆఫ్రికా ఒక్కటా, జాతి ముఖ్యమా, దేశమంటే తెల్లోడు గీసిన గీతనా అని అర్ధరాత్రి దాకా గొడవ. ఉగ్వు వంటింటి తలుపు వెనక నిలబడి వింటడు. సగం అర్థం కాదు. అయినా వింటడు.

మన వారాంతపు కాన్ఫరెన్స్ కాల్స్ యాదికి రాలేదా మీకు? నాకు వచ్చినయి. ఒకాయన న్యూజెర్సీ నుంచి, ఒకాయన డాలస్ నుంచి, ఒకాయన రియాద్‌లో పొద్దుగాల లేచి. నదీజలాల వాటాలు, 610 జీవో, ఆరు సూత్రాల పథకం. మూడు గంటలు. ఎవరు అధ్యక్షుడు, ఎవరు కన్వీనర్ అనే కాడ ఇంకో గంట. ఒడెనిగ్బో మీద అడిచీ చేసిన పని ఏందంటే, ఆయనను ఎక్కడా ఎగతాళి చేయకుంట, యుద్ధం వచ్చినంక మెల్లమెల్లగ పగిలిపోయేటట్టు చూపెట్టింది. ఊరు విడువనని పట్టుబట్టిన తల్లి చచ్చిపోతది, ఒకియోమా బందూకు పట్టి కవిత్వం విడిచి పోరులో పోతడు, ఒడెనిగ్బో సారాకు అలవాటు పడతడు. బల్ల దగ్గర గొంతు ఎంత పెద్దగుంటే అంత పెద్ద శబ్దం తోటి పడతడు. ఇల్లు నిలబెట్టేది ఆయన భార్య ఒలన్నా, ఆమె కవల సోదరి కైనేనే, జీతగాడు ఉగ్వు.

ఇగ అసలు సంగతి. నవల మధ్య మధ్యలో ఇంకో పుస్తకం తునకలు వస్తుంటయి. 'మేము చస్తుంటే లోకం నోరు మూసుకున్నది' అని దాని పేరు. బయాఫ్రా చరిత్ర అది. ఎవరు రాస్తున్నరో చెప్పదు. చదివే మనకు రిచర్డే రాస్తున్నడనిపిస్తది. రిచర్డ్ ఇంగ్లాండోడు. ఇబో-ఉక్వులో దొరికిన పాత కంచు పాత్రల మీద మోజుతో వచ్చి, కైనేనేను ప్రేమించి, బయాఫ్రా మనిషినయిన అనుకున్నోడు. ఇబో భాష నేర్చిండు. బయాఫ్రా తరఫున విదేశీ పత్రికలకు వ్యాసాలు రాసిండు. పుస్తకం రాస్తనని ఎన్నోసార్లు కూసున్నడు. ఆ పుస్తకం పేరు కూడా ముందు ఆయన తలలో పుట్టిందే. చిట్టచివరికి తేలేదేందంటే పుస్తకం రాసింది రిచర్డ్ కాదు, జీతగాడు ఉగ్వు. రిచర్డ్ తనంతట తానే ఒప్పుకుంటడు, ఇది తాను చెప్పాల్సిన కథ కాదని. ఉగ్వు తల ఊపుతడు. అది రిచర్డ్ కథ అని ఆ పిలగాడు ఎన్నడూ అనుకోలేదు.

నేను చెప్పదలుచుకున్న తియ్యగ లేని మాట ఇది. మనం రిచర్డ్‌లం.

కోపం తెచ్చుకోకండి. నేనూ అందులో ఒకన్నే. నవలలో మాడు అనే బయాఫ్రా అధికారి రిచర్డ్‌కు మొహం మీద చెప్తడు, నిన్ను రాయమని అడిగింది నువ్వు తెల్లోడివి గనుక, నీ మాటకు బయట విలువుంటది గనుక అని. మన ఎన్నారై అనే ముద్ర మనకు తెల్లతోలు లాంటిది. సూర్యాపేటల కూసొని నలభై ఏండ్లు పాట కట్టినోన్ని పిలువని టీవీ ఛానల్, 'అమెరికా నుంచి తెలంగాణవాది' అంటే స్కైప్‌లో గంట సేపు చూపెట్టింది. మనం వేసిన స్లైడ్లు, ఇంగ్లీషు మెమొరాండాలు, శ్రీకృష్ణ కమిటీ లెక్కలకు రాసిన జవాబులు పనికొచ్చినయి, కాదనను. అబద్ధపు అంకెకు నిజమైన అంకె తోటి జవాబు చెప్పాలె, ఆ పని మనం బాగ చేసినం. గాని అంకెకు అవతల ఒక కథ ఉన్నది. అది మనం చూడలేదు. సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు జరిగినప్పుడు జీతం రాని అటెండర్ ఇంట్ల పొయ్యి ఎట్ల మండిందో నాకు తెల్వదు. మీకు తెల్వదు. మనం పేస్‌బుక్‌ల ప్రొఫైల్ బొమ్మ మార్చినం.

అయితే ఊరు విడిచినోడు నోరు మూసుకోవాల్నా? అట్ల అంటే అడిచీ కూడా రాయకపోవాలె. ఆమె పుట్టింది 1977లో, యుద్ధం ముగిసిన ఏడేండ్లకు. ఆమె అమెరికాలో చదువుకున్నది, మనలెక్కనే. ఇద్దరు తాతలనూ ఆ యుద్ధం మింగింది, వాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు. ఉన్నోళ్లను అడిగింది, విన్నది, చదివింది, అప్పుడు రాసింది. రాసినప్పుడు కలం తీసుకపోయి ఉగ్వు చేతిల పెట్టింది. దూరంగ ఉన్నోడు చేయగలిగిన పని అదే అనుకుంట. వినుడు, ఖర్చు పెట్టుడు, అచ్చు వేయించుడు, పక్కకు జరుగుడు.

మనం ఏం చేస్తున్నం? సంవత్సరానికొక సావనీర్ వేస్తున్నం. అందుల అధ్యక్షుని ఫోటో, కార్యదర్శి ఫోటో, వాళ్ల సందేశాలు, దాతల ప్రకటనలు. నేను కూడా రెండు వ్యాసాలు రాసిన, ఫోటో తోటి.

నవలలో మర్చిపోలేని దృశ్యం ఒకటుంది. కానోలో మేనమామ కుటుంబం శవాలను చూసి ఒలన్నా రైలెక్కి పారిపోయి వస్తుంటది. రైలు కిక్కిరిసి ఉంటది. పక్కన ఒక తల్లి ఒళ్లో సొర బుర్ర పెట్టుకొని కూసుంటది. మూత తీసి చూడమంటది. అందుల ఆమె బిడ్డ తల. ఆ తల్లి ఏడ్వదు, తిట్టదు. ఆ జుట్టు అల్లేందుకు ఎంత సేపు పట్టిందో చెప్తది. ఉగ్వు రాసిన పుస్తకం ఈ బుర్ర తోటే మొదలైతది. ఒలన్నా చెప్తుంటే రాసుకున్నడు. ఎంత మంది చచ్చిపోయిన్రు అనేది తర్వాత వస్తది. ముందు జడలు.

మన దగ్గర 369 ఉన్నది. 1969ల పోలీసు కాల్పులకు బలైనోళ్ల లెక్కగ మనం చెప్పుకునే అంకె. ప్రతి సభలో, ప్రతి కరపత్రంలో చెప్తం. నేను చెప్పిన. ఒకసారి ఇక్కడ పుట్టిన మా పిల్లగాడు అడిగిండు, వాళ్ల పేర్లేంది నాన్నా అని. ఒక్క పేరు చెప్పలేకపోయిన. అంకె నోటికొస్తది, పేరు రాదు. సాయుధ పోరాటం సంగతి అట్ల కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' ఉన్నది, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' ఉన్నయి, నిజాం కాలపు ఊరు ఎట్లుండెనో నాకు వాటి వల్లనే తెలుసు. 1969 కోసం నా అల్మారా చూస్తే రిపోర్టులున్నయి, లెక్కలున్నయి. జడలు లేవు.

2009 నవంబర్ సంది జరిగినదాని సంగతి ఇంకా కష్టం. డిసెంబర్ 9న ప్రకటన వచ్చింది, 23న వెనక్కి పోయింది. ఆ తర్వాత ఎంత మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నరో తలుచుకుంటే నిద్ర పట్టదు. మన వేదికల మీద వాళ్ల ఫోటోలు వరుసగ పెడతం, 'ఆత్మబలిదానం' అంటం, నిమిషం మౌనం పాటిస్తం, తర్వాత బిర్యాని. ఆ మాట నాకు నచ్చది, గట్టిగనే చెప్తున్న. బలిదానం అనంగనే అదొక పని అయితది, చేయాల్సిన పని. ఇంకో పిలగాడు వింటడు. పొలం పోయి, ఫీజు కట్టలేక, నౌకరి నోటిఫికేషన్ రాక, ఢిల్లీ రోజుకో మాట మారుస్తుంటే విరిగిపోయిన పిలగాని బతుకును మనం ఒక్క మాటల దాచిపెడుతున్నం. అడిచీ నవలలో ఏ చావుకూ దండ వేయదు. ఒకియోమా పోయిండని తెలిసినప్పుడు ఒలన్నా గొంతు చించుకొని అరుస్తది, అంతే. ఉపన్యాసం లేదు. బతికున్న పిలగాని ఇంట్ల వాళ్ల అమ్మ ఏం చెప్తదో వినేందుకు మనలో ఎవరన్న పోయిండా? చెక్కు ఇచ్చి ఫోటో దిగేందుకు పోయినోళ్లను లెక్క పెట్టకండి.

జీతగాని చేతిల కలం పెడితే కథ మనకు నచ్చినట్టే వస్తదనుకుంటే అది కూడా పొరపాటు. ఉగ్వును సైన్యంలోకి గుంజుకపోతరు. అక్కడ తోటి సిపాయిలు ఒక చిన్న హోటల్ల పనిచేసే పిల్లను చెరుస్తుంటే, పిరికోడనిపించుకోవద్దని వాడూ కలుస్తడు. ఆ పిల్ల కండ్లు వాన్ని విడువవు. యుద్ధమైనంక ఊరికి పోతే తెలుస్తది, అవతలి సైనికులు తన సొంత చెల్లెను అట్లనే చేసిన్రని. అడిచీ ఇక్కడ తన పక్కోన్ని కాపాడుకోలేదు. బయాఫ్రా అంటే ఆమెకు ప్రాణం, అయినా ఆ పేజీ చింపలేదు. నవల మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడ.

ఇంకో చోట, కైనేనే నడిపే శరణార్థి శిబిరంలో ఒక డాక్టరమ్మ ఉంటది. ఇబో కాదు, బయాఫ్రాలోని ఒక చిన్న జాతి మనిషి. శిబిరంలో ఉన్న ఒక గర్భిణి ఆమె మొహం మీద ఉమ్మేస్తది, మీలాంటోళ్లే శత్రువుకు దారి చూపెడుతున్నరని తిట్టుకుంట. కైనేనే ఆ గర్భిణి చెంప పగలగొడతది, మనమంతా బయాఫ్రా వాళ్లమే అంటది. సున్నితంగ చెప్పిన మాట కాదు. గాని చెప్పింది.

మన దగ్గర ఆ చెంపదెబ్బ ఎవరు కొట్టిన్రు? 'జాగో, భాగో' అని అరిచినప్పుడు, గోదావరి జిల్లా నుంచి వచ్చి అప్పు చేసి కూకట్‌పల్లిలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్న గుమస్తా పిల్లలు ఆ రాత్రి ఏమనుకొని పడుకున్నరో మనం అడిగినమా? మన కొట్లాట పాలించే తీరు తోటి, నీళ్లు మళ్లించిన చేతుల తోటి, భూములు మింగిన పెద్దల తోటి. ఆ గుమస్తా తోటి కాదు. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలినప్పుడు మన మెయిలింగ్ గ్రూపులల్ల ఎంత సంబురం! కవుల విగ్రహాలు కూడా పడ్డయని ఒకరిద్దరు గొణిగితే వాళ్లను ద్రోహులన్నరు. నాకు కోపం ఉండె, అర్థం చేసుకున్న, గాని ఆ రోజు మనం మంచిగ కనపడలేదు. ఉగ్వులు రాసే పుస్తకంలో ఈ పేజీ ఉంటది. ఉండాలె. అది ఉన్నందుకు మన డిమాండు న్యాయం కాకుంట పోదు.

తెలంగాణ 2014లో వచ్చింది. వచ్చినంక ఆదిలాబాద్ గోండు మనిషికి హైదరాబాద్ కూడా దూరమే, పాలమూరు వలస కూలీకి కూడా. వాళ్లు అడిగే దినం వాళ్లను మనం ఏమంటం? వేర్పాటువాదులంటమా?

మా మిత్రునికి ఇంకొక్క సంగతి చెప్పాలె. కానో ఊచకోత చూపెట్టి హైదరాబాద్‌లో ఇట్లనే జరుగుతదని ఆయన లోపట భయపడుతున్నడనుకుంట, పైకి చెప్పకున్నా. ఆ భయం ఉత్తదే అని నేను కొట్టేయను. భయపడ్డోని భయం తీర్చే పని మనదే, ఎందుకంటే ఇల్లు మనదంటున్నం గనుక. గాని ఒలన్నాను కానోలో కాపాడింది ఎవరు? మొహమ్మద్, హౌసా మనిషి, చంపుతున్నోళ్ల జాతోడే. కారులో స్టేషన్ దాకా తెచ్చి రైలెక్కిచ్చిండు. ఆ పేజీ కూడా చదివిండో లేదో అడగాలె.

యుద్ధం ఓడినంక బయాఫ్రా నోట్లు పనికిరాకుండ పోతయి. బ్యాంకుల ఎంత దాచుకున్నోళ్లకైనా ప్రభుత్వం చేతిల పెట్టింది ఇరవై పౌండ్లే. సైనికులు ఇండ్లు సోదా చేస్తుంటరు. ఒలన్నా తన దగ్గరున్న బయాఫ్రా నోట్లన్నీ కాల్చేస్తది. యాది కాల్చుకుంటున్నవని ఒడెనిగ్బో అంటడు. ఆమె ఒప్పుకోదు. ఎవడో వచ్చి గుంజుకపోయే వస్తువులల్ల ఆమె తన యాదిని దాచుకోదు. అట్లని మనసుల దాచుకుంటే సరిపోతదా? సరిపోదు గనుకనే ఉగ్వు రాసిండు. ఎన్సుకాకు తిరిగొస్తే ఇంటి ముందట పుస్తకాలు కుప్పపోసి కాల్చి ఉంటయి. ఆ బూడిదల చెయ్యి పెట్టి వెతుక్కునే కుటుంబం అది. అందులకెల్లి లేచి జీతగాడు కాగితం తీసుకున్నడు. పుస్తకాన్ని తన సారుకు అంకితం ఇచ్చిండు. ఆ అంకితం నాకు ఇంకా మింగుడు పడలేదు. అంత రాసినోడు ఇంకా సారు అంటడా అనిపించింది. దొర అనే మాట విన్న చెవులు మనవి, అందుకనేమో.

మా చిన్నమామ 1969ల వరంగల్‌లో చదువుకుంటుండె. ఆ ఏడు ఆయన చదువు పోయింది. మా ఇంట్ల దాన్ని 'మామ ఫెయిలైన ఏడు' అంటరు, ఇప్పటికీ, నవ్వుకుంట. ఆయన ఎన్నడూ దాని గురించి మాట్లాడలేదు, నేను ఎన్నడూ అడగలేదు. పోయిన ఆదివారం ఫోన్ చేసిన. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నడు. కొద్దిసేపు వానల గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడిండు. తర్వాత తనంతట తానే మొదలు పెట్టిండు. నాయకుల పేర్లు ఏమీ చెప్పలేదు. హాస్టల్ మూసేసిన్రట. బస్సులు లేక ఊర్లకు పోలేని పిల్లలు పదీ పన్నెండు మంది లోపలనే ఉండిపోయిన్రట. మెస్సుల వంట చేసే ఆయన జీతం లేకున్నా రోజూ వెనక గోడ దూకి వచ్చి వాళ్లకు జొన్న గట్క వండి పెట్టిండట. ఆయన పేరు మామకు ఇంకా యాదికున్నది. కాల్పుల దినం తర్వాత ఆయన మళ్లీ రాలేదట.

ఏమైండు మామా అని అడిగిన. తెల్వదు, ఎవ్వరం పోయి అడగలేదు అన్నడు. చాలా సేపు ఫోన్ల చప్పుడు లేదు. ఆయన ఊరు ధర్మసాగరం దిక్కు అని గుర్తు, ఎవరినన్న అడిగి పెడత, వచ్చే ఆదివారం చెయ్యి అన్నడు.